చివరిదాకా ఉన్నారా టీచర్?

నల్లకుంట నుంచి ఒక సంగీతం టీచర్ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు యాభై రెండు. ముప్పై ఏళ్లుగా ఇంట్లోనే పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పుతున్నారు. చాలాకాలంగా ఒక మాసపత్రికకు కచేరీల మీద, అప్పుడప్పుడు చిత్రకళా ప్రదర్శనల మీద సమీక్షలు కూడా రాస్తున్నారు. త్యాగరాయ గానసభలో అయినా రవీంద్రభారతిలో అయినా మంచి కచేరీ ఉందంటే ముందు వరుసలో నోటు పుస్తకం పట్టుకుని కూర్చునే మనిషినని ఆవిడే చెప్పుకున్నారు.

మొన్న వేసవిలో పత్రిక సంపాదకుడు ఆవిడను ఒక కొత్త బృందం కార్యక్రమానికి పంపారు. డప్పు, పాతబస్తీ పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా, కీబోర్డు, జానపద బాణీలు, మధ్యలో తెలంగాణ యాసలో ర్యాప్. ఆ బృందంలో పాడే అమ్మాయి ఈవిడ దగ్గర తొమ్మిదేళ్లు నేర్చుకున్న శిష్యురాలు. మూడో పాటకే తల పగిలిపోతోందనిపించి ఈవిడ లేచి వచ్చేశారు. ఇంటికొచ్చి, "ఇది సంగీతం కాదు, రెండు గంటల చప్పుడు. ఇన్నేళ్ల శిక్షణ డప్పు మోతలో కొట్టుకుపోయింది" అని రాశారు. అది అచ్చయింది. అదే వీధిలో ఉండే అమ్మాయి వాళ్లమ్మ పలకరించడం మానేసింది. అమ్మాయి మాత్రం ఒక సాయంత్రం వచ్చి, కాళ్లకు దండం పెట్టి, ఒకే మాట అడిగిందట: "చివరిదాకా ఉన్నారా టీచర్?" ఈవిడకు నోట మాట రాలేదు. అమ్మాయి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు కూతురు మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లింది. మనిషి, చెట్టు, ఇల్లు ఏదీ కనిపించని పెద్ద కాన్వాసు ముందు నిలబడి ఈవిడ "ఇది మూడేళ్ల పిల్లాడు కూడా వేస్తాడు" అన్నారు. కూతురు "నీకు తెలియనిదంతా చెత్తేనా అమ్మా?" అని విసుక్కుంది. భర్తేమో, "మొహమాటపడేవాళ్లు సమీక్షలు రాయకూడదు, నువ్వు రాసింది కరెక్టే" అంటున్నారు. ఇప్పుడు అదే బృందం మళ్లీ కార్యక్రమం చేస్తోంది. సంపాదకుడు మళ్లీ ఈవిడనే వెళ్లమంటున్నారు, ఈ వారంలో జవాబు చెప్పాలి.

చివర్లో ఇలా అడిగారు: "మనసు విశాలం చేసుకోమని అందరూ అంటున్నారు. అంటే అన్నీ బాగున్నాయని రాయాలా? ముప్పై ఏళ్లు కష్టపడి సంపాదించుకున్న చెవిని పక్కన పెట్టేయాలా? నాకు నిజంగా నచ్చలేదండీ. నచ్చిందని రాస్తే అది అబద్ధం కాదా?"

అమ్మా,

అబద్ధమే. అలా రాయొద్దు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆ చివరి ప్రశ్నే. మన ఊళ్లో కచేరీల మీద వచ్చే సమీక్షలు ఎలా ఉంటున్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. గాయకుడు ఎవరైనా "రసజ్ఞులను ఓలలాడించారు", పక్కవాద్యం ఎవరైనా "చక్కని సహకారం అందించారు". కళాకారుల పేర్లు మార్చి పోయిన నెల సమీక్షే మళ్లీ వేసినా ఎవరికీ తెలియదు. అందరినీ మెచ్చుకునేవాళ్లు ఎవరినీ వినడం లేదని నా గట్టి నమ్మకం. అందుకే నచ్చలేదని రాసే ధైర్యం మీలో ఉన్నందుకు సంతోషిస్తున్నాను. మనసు తెరిచి వినడం గురించి నేను చెప్పబోయేదేదీ ఆ ధైర్యాన్ని తగ్గించుకోమని కాదు.

కానీ మీ సమీక్షలో మూడు సంగతులు ఒకదాంట్లో ఒకటి చిక్కుపడి ఉన్నాయి. మీకు నచ్చలేదు. అది సంగీతమే కాదని తీర్పిచ్చారు. సగంలో లేచి వచ్చి మొత్తం కార్యక్రమం మీద రాశారు. మొదటిదాని గురించి ఎవరూ మిమ్మల్ని ఏమీ అనలేరు, నచ్చకపోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మూడోదాని గురించీ పెద్దగా చర్చ లేదు. మూడు పాటలు విన్నవాళ్లు మూడు పాటల గురించి రాయొచ్చు, "రెండు గంటల చప్పుడు" అని రాయకూడదు. పత్రిక కొనుక్కున్న పాఠకుడికి మీరు చివరిదాకా కూర్చున్నారనే నమ్మకం ఉంటుంది. ఇంకొకటి కూడా అడగాలి. ఆ అమ్మాయి మీ శిష్యురాలని సమీక్షలో చెప్పారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. తన శిష్యురాలు తను నేర్పింది కాకుండా వేరేదేదో పాడుతుంటే ఏ గురువుకైనా గుండెలో ఎక్కడో కలుక్కుమంటుంది. అది తప్పు కాదు. కానీ చదివేవాళ్లకు ఆ సంగతి తెలిస్తేనే మీ కోపంలో ఎంత భాగం సంగీతానిదో, ఎంత భాగం గురువుదో వాళ్లే తేల్చుకుంటారు.

అసలు చిక్కు రెండోదాంట్లో ఉంది. అక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం.

మీ చెవి ఏం వెతుకుతుంది? శ్రుతి శుద్ధంగా ఉందా, గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించే తీరు, సరిగ్గా పడిందా, రాగం తన దారి తప్పకుండా నడిచిందా, స్వరకల్పనలో సొంత ఊహ ఉందా. ఇవన్నీ కృతికి, ఆలాపనకు పుట్టిన కొలతలు. అవి గొప్ప కొలతలు, వందల ఏళ్ల సాధనలోంచి వచ్చినవి. అయితే మీరు కూడా అన్నిటికీ ఆ కొలతలే వాడరు. జావళి లాంటి తేలికైన శృంగార పాటను ఎవరైనా పెద్ద కృతిలా బరువుగా, ఆచితూచి పాడితే జావళి అందం పోయిందంటారు. హరికథలో దాసుగారు పాట మధ్యలో ఆపి పిట్టకథ చెప్పి, నవ్వించి, మళ్లీ పద్యంలోకి వెళ్తే రాగం తెగిపోయిందని మీరు నొసలు చిట్లించరు. ఆదిభట్ల నారాయణదాసు గారి లాంటి మహావిద్వాంసుడు ఆ రూపాన్నే ఎంచుకున్నాడంటే, అందులో వేరే రకం నేర్పు ఉందని మీకు తెలుసు కాబట్టి. అంటే ఏ రూపానికి ఆ కొలత వాడే అలవాటు మీ చెవికి ముందే ఉంది. ఆ రోజు సాయంత్రం అది పనిచేయలేదు, అంతే.

హిందుస్తానీలోనూ ఇదే చూస్తాం. రాగాన్ని నిష్ఠగా విస్తరించే ఖయాల్ పాడుతూ వేరే రాగం నీడ పడనిస్తే తప్పు పట్టేవాళ్లే, భావం ముఖ్యమైన తేలిక పాట ఠుమ్రీలో గాయకుడు పక్క రాగాన్ని అలా తాకి వస్తే "వాహ్" అంటారు. ఒకచోట లోపం ఇంకోచోట అందం. బడే గులాం అలీ ఖాన్ రెండూ పాడాడు, రెండింట్లోనూ మహామహుడు. ఆయన 1968లో మన బషీర్‌బాగ్ ప్యాలెస్‌లోనే కన్నుమూశాడు, అక్కడి రోడ్డుకు ఆయన పేరే పెట్టారు. ఆయన ఠుమ్రీని ఖయాల్ కొలతతో కొలిచి ఇందులో శుద్ధి లేదని రాసేవాళ్లు ఆయన గురించి ఏం చెప్పినట్టు?

ఇక డప్పు. కార్యక్రమం మొదలయ్యే ముందు కళాకారులు ఏం చేస్తారో ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? గుప్పెడు ఎండుగడ్డో పాత కాగితాలో అంటించి, డప్పు ముఖాన్ని ఆ సెగ మీద తిప్పుతారు. తిప్పుతూ వేలితో తట్టి చూస్తారు. మొదట మెత్తగా, తడి గుడ్డ మీద కొట్టినట్టు వస్తుంది. తోలు బిగిసేకొద్దీ శబ్దం పైకి లేస్తుంది. ఒక స్థాయికి వచ్చాక తృప్తిగా తలాడించి పక్కన పెడతారు. తక్కువైతే పలకదు, సెగ ఎక్కువైతే తోలు చిట్లుతుంది. మీ కచేరీల్లో మృదంగ విద్వాంసుడు రాయీ పుల్లా పట్టుకుని అంచు మీద తట్టుకుంటూ, ఎడమ వైపు రవ్వ ముద్ద అద్దుకుంటూ చేసేది కూడా ఇదే పని. ఇద్దరూ శ్రుతి చూసుకుంటున్నారు.

తర్వాత దరువులు. చాటింపుకు ఒక దరువు, జాతరకు ఒకటి, పెళ్లికి ఒకటి, చావుకు ఒకటి. ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు రెండు వీధుల అవతల ఉండి కూడా ఏం జరుగుతోందో చెప్పేస్తారు. కుడిచేతిలోని పొట్టి కర్ర చిర్ర, ఎడమచేతిలోని సన్న సిటికెన పుల్ల, రెండూ వేర్వేరు మాటలు మాట్లాడుతుంటాయి. వాయించే మనిషి అడుగు కూడా ఆ లెక్కలో భాగమే. అక్కడ గమకం వెతికితే దొరకదు. వెతకాల్సినవి వేరే: దరువు మారినప్పుడు పదిమంది ఒక్క మనిషిలా మారారా, వేగం పెరిగినా బరువు తగ్గకుండా ఉందా, మధ్యలో ఇచ్చిన విరామం గుండె ఆగినట్టు చేసిందా. ఇవి కూడా గట్టి కొలతలే. వీటితో కొలిచి కూడా ఒక బృందాన్ని బాగా ఏకవచ్చు. డప్పు తెలిసిన పెద్దవాళ్లు కుర్రాళ్లను ఏకుతూనే ఉంటారు.

మర్ఫా సంగతీ అంతే. ఏసీ గార్డ్స్ అనే పేట పేరు మనం సిటీ బస్సు ఎక్కినప్పుడల్లా చదువుతాం. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం సైన్యంలో పనిచేసిన సిద్దీల దళం. వాళ్లూ, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులూ వెంట తెచ్చుకున్న వాయిద్యం అది. పాతబస్తీ పెళ్లి బరాత్‌లో మొదలై ఇవాళ బోనాల ఊరేగింపులో తీన్‌మార్ అయి మోగుతోంది. మీ శిష్యురాలి బృందం డప్పునూ మర్ఫానూ పక్కపక్కన పెట్టిందంటే, ఈ ఊరి రెండు చరిత్రలను ఒక వేదిక మీద కూర్చోబెట్టే ప్రయత్నం చేసిందన్నమాట. ఆ ప్రయత్నం ఫలించిందో లేదో మీరు చెప్పొచ్చు. కానీ ప్రయత్నం జరిగిందని సమీక్ష చదివినవాళ్లకు తెలియాలి కదా.

ఇంకో మాట చెప్పాలి, కాస్త కష్టమైనదే. డప్పు మోతను చప్పుడన్నప్పుడు అది ఎవరికి తగులుతుందో ఆలోచించండి. తరతరాలుగా ఆ వాయిద్యాన్ని మోసినవాళ్లను ఊరి బయట ఉంచారు. పండగకీ చావుకీ వాళ్ల డప్పు కావాలి, సభలోకి మాత్రం రానివ్వరు. మీరు ఆ ఉద్దేశంతో రాయలేదని నాకు అనుమానం లేదు. అయినా చదివినవాళ్లలో కొందరికి అది పాత గాయం మీదే పడి ఉంటుంది. పండిట్ జస్‌రాజ్ కుర్రతనంలో తబలా వాయించేవారు. రాగం విషయంలో ఏదో అభిప్రాయం చెప్పబోతే, చచ్చిన తోలు బాదేవాడివి నీకు రాగం సంగతి ఏం తెలుసన్నట్టు ఒక పెద్దమనిషి తీసిపారేశాడని ఆయనే చెప్పుకున్నారు. ఆ కసితో తబలా వదిలి గాయకుడయ్యారు. బాల్యం గడిపిన మన హైదరాబాద్‌లోనే, 1934లో ఇక్కడ చనిపోయిన తండ్రి మోతీరామ్ పేరిట 1972లో సంగీతోత్సవం మొదలుపెట్టారు. ఆ పరుషమైన మాటే ఆయన్ని గొప్పవాణ్ని చేసిందని ఈ కథ చెప్పేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. ఆ పెద్దమనిషి కుర్రాడు చెప్పిన అభిప్రాయం తప్పో ఒప్పో తేల్చలేదు. అతని చేతిలోని వాయిద్యాన్ని చూసి తీర్పు చెప్పేశాడు. అలాంటి మాట తర్వాత వాయిద్యమే వదిలేసినవాళ్లలో అందరూ జస్‌రాజ్‌లు కాలేదు కదా.

మీరు కాపాడుతున్న సంప్రదాయం కూడా తలుపులు మూసుకుని పెరిగింది కాదు. మీ దగ్గరికొచ్చే చిన్నపిల్లలకు నొట్టు స్వరాలు చెప్పే ఉంటారు. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. సాక్షాత్తూ ఇంగ్లండు రాజుగారి గీతం బాణీకి కూడా. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్ నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. ఇవాళ వయొలిన్ లేని కచేరీని మనం ఊహించలేం. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ మాండలిన్ పట్టుకొచ్చినప్పుడు, మెట్లున్న వాయిద్యంలో గమకం ఎలా పలుకుతుందని అనుమానపడ్డవాళ్లు ఉన్నారు. బాలమురళీకృష్ణ నాలుగే స్వరాలతో మహతి, లవంగి అంటూ రాగాలు కడితే పెద్ద గొడవే అయింది.

అయితే ఈ వాదన ఇక్కడితో ఆపేస్తాను. ఎందుకంటే దీన్ని సాగదీసి, "అప్పట్లో వాటినీ కాదన్నారు, కాబట్టి ఇప్పుడు వచ్చే ప్రతి కొత్తదీ గొప్పదే" అనేవాళ్లున్నారు. అది కూడా మూసుకుపోయిన మనసే. నిలబడిన కొత్తవాటినే మనం గుర్తుపెట్టుకున్నాం, రాలిపోయినవి ఎన్నో. మాండలిన్ కొత్తది కావడం వల్ల నిలబడలేదు. శ్రీనివాస్ ఆ తీగల మీద గమకం పలికించి చూపించాడు కాబట్టి నిలబడింది. ఆ తేడా చెప్పగల చెవులు కావాలి. మీ చెవి అలాంటిది. అందుకే దాన్ని పక్కన పెట్టమని అనను. తీర్పు చెప్పే ముందు కాసేపు ఆగమని దానికి నేర్పండి అంటాను. ఎదుట ఉన్నది ఏం కావాలనుకుంటోంది అని ముందు తెలుసుకోవాలి. అది కాగలిగిందా అన్నది తర్వాత. ఈ రెండూ అయ్యాక, అసలు అది కావాలనుకోవడమే దండగ అని మీకనిపిస్తే అదీ రాయొచ్చు. అప్పుడు రాసే మాటకు బరువుంటుంది.

బొమ్మ విషయంలో మీ అమ్మాయితో నేను సగమే ఏకీభవిస్తాను. తెలియనిదంతా చెత్త కానట్టే, తెలియనంత మాత్రాన అది గొప్పదీ కాదు. కానీ ఆ కాన్వాసు ముందు మీకో సౌకర్యం ఉంది, మీరు గమనించలేదు. కచేరీలో విద్వాంసుడు అరగంట తోడి రాగం ఆలాపన చేస్తే అందులో మాట ఉండదు, కథ ఉండదు, బొమ్మ ఉండదు. దీని అర్థమేమిటని మీరెప్పుడూ అడగలేదు. ఒక స్వరం దగ్గర ఎంతసేపు నిలబడ్డాడు, ఎక్కడ దాచాడు, ఎక్కడికి చేరి వదిలాడు అని విన్నారు. ఏ బొమ్మా లేని ఆ బొమ్మను అచ్చంగా అలాగే చూడొచ్చు. రంగు ఎక్కడ చిక్కగా నిలిచింది, ఎక్కడ పలచబడింది, కన్ను ముందు ఎటు వెళ్లింది, ఎక్కడ ఇరుక్కుపోయింది. ముప్పై ఏళ్లు ఆలాపన విన్నవాళ్లకు ఇది కొత్త విద్య కాదు. మామూలు రోజు, జనం లేనప్పుడు, అమ్మాయితోనే మళ్లీ వెళ్లండి. అన్ని బొమ్మలూ చూడొద్దు. ఒక్కటి ఎంచుకుని పావుగంట కూర్చోండి. మీ నోటు పుస్తకంలో ముందు కనిపించింది మాత్రమే రాయండి, ఎలా ఉందో తర్వాత రాయండి. అప్పటికీ పిల్లాడి గీతల్లాగే అనిపిస్తే అమ్మాయికి అదే చెప్పండి. ఈసారి తను విసుక్కోదు, వాదిస్తుంది. అది మంచిది.

చేర్యాల నకాషీ పటాన్ని మ్యూజియం గోడ మీద అద్దంలో చూసి, ఇందులో దూరం దగ్గర లేదు, అందరూ ఒకే ఎర్ర రంగు మీద అతికించినట్టున్నారు అని తీసేయొచ్చు. అది గోడకు కట్టిన బొమ్మ కాదు. ఒకరు కథ పాడుతుంటే పక్కన ఒక్కో భాగం విప్పుతూ పోయే పటం. వెనక కూర్చున్నవాళ్లకు కూడా కథలో ఎవరెవరో తెలియాలి, అందుకే ఆ ముదురు రంగులు, ఆ పెద్ద కళ్లు. ఎక్కడ, ఎవరి కోసం, ఏ వెలుతురులో అని తెలుసుకుంటే సగం విమర్శ అక్కడే తయారవుతుంది.

ఇప్పుడు సంపాదకుడికి ఏం చెప్పాలన్నది. మీ ముందు కొన్ని దారులున్నాయి, ఏదీ పూర్తిగా సుఖమైనది కాదు.

వెళ్లనని చెప్పేయొచ్చు. శిష్యురాలి కార్యక్రమం మీద గురువు సమీక్ష రాయకపోవడమే పద్ధతి అని చాలామంది అంటారు, అందులో న్యాయం ఉంది. కానీ కారణం చెప్పకుండా తప్పుకుంటే ఆ అమ్మాయికి ఇంకోలా అర్థమవుతుంది, టీచర్ ఈసారి రావడానికి కూడా ఇష్టపడలేదని. కాబట్టి తప్పుకుంటే అమ్మాయికి ముందే చెప్పండి. సమీక్షకురాలిగా కాకుండా టికెట్ కొనుక్కుని వెళ్లి వెనక వరుసలో కూర్చోండి. నోటు పుస్తకం ఇంట్లో పెట్టేసి వెళ్తే ఇంకా మంచిది.

లేదా ఇకపై కర్ణాటక కచేరీల మీదే రాస్తానని ఒక గీత గీసుకోవచ్చు. ఇది ఓటమి కాదు. తెలిసిన రంగంలోనే రాస్తూ గొప్పగా రాసినవాళ్లున్నారు. కాకపోతే మీ పత్రికలో ఈ కొత్త బృందాల గురించి రాసేదెవరు? బహుశా రసజ్ఞులను ఓలలాడించే రకం వాళ్లే. మీలాంటి చెవి ఆ రంగం నుంచి తప్పుకుంటే అక్కడ పొగడ్తే మిగులుతుంది. మీ ఉత్తరంలో ఆ బొమ్మ గురించి మీరు ఒక పేజీ రాసిన తీరు చూస్తే, మీకూ ఆ గీత లోపల ఊపిరాడదేమోననిపిస్తోంది.

మూడోది, వెళ్లి రాయడం. నా మొగ్గు దీనివైపే ఉంది, అయితే కొంత పని చేశాకే. ఒకరోజు వాళ్ల రిహార్సల్‌కు వెళ్లండి. డప్పు వాయించే అబ్బాయిని దరువుల గురించి అడగండి. ర్యాప్ రాసేవాళ్లను ఆ మాటలు కాగితం మీద చూపించమనండి. యతిప్రాసల మధ్య పెరిగిన మీకు వాళ్లు ప్రాసను ఎక్కడ వేస్తున్నారో వెంటనే అందుతుంది, ఎక్కడ ఊరికే నింపారో కూడా అందుతుంది. కార్యక్రమం రోజు చివరి పాట అయ్యేదాకా కూర్చోండి, తలనొప్పి వస్తే చెవుల్లో దూది పెట్టుకోండి కానీ లేవకండి. తర్వాత, "పాడే అమ్మాయి నా శిష్యురాలు, పోయినసారి మూడు పాటలకే లేచి వచ్చాను" అని మొదటి పేరాలోనే రాసి, ఆ పైన మీకనిపించింది రాయండి. అప్పటికీ నచ్చకపోవచ్చు. కీబోర్డు వేసే స్వరాలు జానపద బాణీతో కొట్లాడుతున్నాయనిపించొచ్చు. మైకులు సరిగ్గా పెట్టక పాట మాటలు డప్పులో మునిగాయనిపించొచ్చు. అమ్మాయి గొంతు పై స్థాయిలో బిగుసుకుపోతోందని, ఇలాగే పాడితే పాడైపోతుందని మీకు తెలిసిపోవచ్చు. ఇవి చప్పుడు అన్న ఒక్క మాట కంటే కఠినమైన విమర్శలు. కానీ వీటిని పట్టుకుని వాళ్లు రేపు ఉదయం పని మొదలుపెట్టగలరు.

సంపాదకుడు ఒప్పుకుంటే, జానపదం తెలిసిన ఇంకొకరిని కూడా పంపి, రెండు సమీక్షలూ పక్కపక్కన వేయమని అడగొచ్చు. పాఠకులకు అది మంచి విందే. మీకు మాత్రం పరీక్షలా ఉంటుంది, ఒకే సాయంత్రం ఇద్దరు ఏమేం విన్నారో పక్కపక్కన కనబడిపోతుంది కాబట్టి.

మీవారి మాట గురించి ఎక్కువ చెప్పను. మొహమాటం కూడదన్నది నిజమే. మొహమాటం వేరు, ఓపిక వేరు. ఆయనకు మీ మీద ఉన్న అభిమానం ఆ రెండింటినీ కలిపేసింది.

అమ్మాయి వాళ్లమ్మతో ఇప్పుడు సంగీతం గురించి వాదించకండి. ఆవిడ కోపం రాగం గురించీ తాళం గురించీ కాదు. బిడ్డ పేరు అచ్చులో అలా పడిందని. కొన్నాళ్లు అలాగే ఉండనివ్వండి.

అమ్మాయితో మాత్రం ఆలస్యం చేయొద్దు. ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఎందుకు మెచ్చుకోలేదని తను అడగలేదు. అంత మాటెందుకు రాశారని కూడా అడగలేదు. చివరిదాకా ఉన్నారా అని అడిగింది. తనకు తెలిసిన చెవుల్లో అన్నిటికంటే మంచిది మీది. అది తన పాటంతా విని కాదంటే తట్టుకోవడానికి సిద్ధపడే వచ్చింది. బహుశా మీరు నేర్పిన రాగాన్ని ఆ మూడు పాటల తర్వాత ఎక్కడో వాడి ఉంటుంది, ఎవరికి తెలుసు. అడిగితే చెబుతుంది.

ఫోన్‌లో మెసేజ్ పెట్టకండి. ఇంటికి పిలవండి. "లేదమ్మా, మూడో పాటకే వచ్చేశాను, అలా వచ్చేసి మొత్తం మీద రాయకుండా ఉండాల్సింది" అని సూటిగా చెప్పండి. వెంటనే "పర్లేదు టీచర్" అంటుంది. మన గురుశిష్య పద్ధతిలో పిల్లలకు ఆ మాట తప్ప ఇంకోటి రాదు. అక్కడితో వదిలేయకండి. రికార్డింగ్ పెట్టమనండి, ఒక్కో పాట దగ్గర ఆపి ఇక్కడ ఏం చేయాలనుకున్నావని అడగండి. నచ్చని చోట నచ్చలేదని చెప్పండి, తను చిన్నబుచ్చుకుంటుందని భయపడకండి. తొమ్మిదేళ్లు మీ చేత దిద్దించుకున్న పిల్ల. దిద్దించుకోవడం దానికి తెలుసు.

పత్రికకు కూడా రెండు వాక్యాలు పంపండి. ఫలానా నెల సమీక్ష మూడు పాటలు విని రాసింది, మొత్తం కార్యక్రమానికి వర్తించదు అని. సంపాదకుడు చిన్న అక్షరాల్లో వేసినా పర్వాలేదు, వేయడం ముఖ్యం.

ఇక ఈ వారంలో చెప్పాల్సిన జవాబు. సమీక్షలు ఇంత తొందరపాటుగా రావడానికి సగం కారణం గడువే. కార్యక్రమం మర్నాడే కాపీ కావాలంటే తలనొప్పే అచ్చులోకి వెళ్తుంది. అందుకని ఏ దారి ఎంచుకున్నా సంపాదకుడి దగ్గర ఒక షరతు పెట్టండి: కార్యక్రమం తర్వాత వారం రోజుల టైమ్, మామూలుగా ఇచ్చేదానికంటే అర పేజీ ఎక్కువ. మాసపత్రికే కదా, ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఈ ఒక్కసారికి వెళ్లనని చెప్పేసి, టికెట్ కొనుక్కుని వెళ్లండి.